మద్యపాన చరిత్రము – మన గీతవృత్తి

మద్యము నిన్న మొన్న పుట్టినది కాదు. చీనాదేశపు జియాహు గ్రామమున దొరకిన సుమారు 9,000 ఏండ్లనాఁటి కుండపెంకులయందు బియ్యము, తేనె పులియఁబెట్టిన పానీయపు జాడలు గన్పట్టినవి. ఐగుప్తీయులు యవలతోఁ జేసికొనిరి. మన కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున సురాధ్యక్షుఁడను అధికారికిఁ బ్రత్యేకముగ నొక ప్రకరణమునే వ్రాసెను.

పలాస, టెక్కలి ప్రాంతములయందును ఉద్దానపుఁ దీరమునందును ఈ పానీయమునకుఁ దాటిచెట్టే యాధారము. గెలను గీయఁగా స్రవించు తీయని రసము కొన్ని గడియలలోనే తనంతఁ బులిసి కల్లగును. లొట్టిలోపల సున్నము పూసినచోఁ బులియదు. ఆ రసమును గాఁచిన బెల్లమగును.

1886 సంవత్సరపుఁ జెన్నపురి ఆబ్కారీ చట్టముచేఁ జెట్టుపన్నును, దుకాణపు లైసెన్సును బిగిసినవి. 1937లో సేలము జిల్లాయందు మొదలైన మద్యనిషేధము 1948 నాఁటికి రాజధానియంతట వ్యాపించెను. త్రాగుడు సంసారములను గూల్చుననుట సత్యమే. మన యిండ్లును దానికి వెలికావు. కాని పన్ను హెచ్చినను, నిషేధము వచ్చినను మొదట నష్టపడినవాఁడు మోకు కట్టి చెట్టెక్కు గీతకాఁడే.

యాత, సెగిడి మొదలగు కులముల సోదరులారా! చెట్టు నెఱిఁగి రసము దింపుటయే మన విద్య. దానిని బెల్లమునకుఁ ద్రిప్పుటయు, బిడ్డలను బడికిఁ బంపుటయు మన చేతిలోనివి. పోషకమహాశయు లిందులకుఁ దోడ్పడఁ బ్రార్థించుచున్నాము.