కోల్సన్ వైట్‌హెడ్ నవలలు: చారిత్రకాధారము, కల్పన

చరిత్రను ఆశ్రయించిన నవలను పరీక్షించుటకు విమర్శకులు సాధారణముగా ఒక కొలతను వాడుదురు. కథలోని విషయములలో ఏవి ఆధారములకు సరిపోవుచున్నవి, ఏవి సరిపోవుట లేదు అని విచారించి, సరిపోవనివానిని దోషములుగా ఎంచుదురు. కాని ఆధారములే ఒక పక్షమువారి చేతివ్రాతలైనపుడు ఈ కొలత ఎంతవరకు చెల్లును? ఈ ప్రశ్నను విచారించుటకు సమకాలిక అమెరికను నవలాకారుడు కోల్సన్ వైట్‌హెడ్ రచనలు మిక్కిలి ఉపకరించును. అతని రెండు నవలలను గ్రహించి, అందు ఆధారమునకును కల్పనకును గల సంబంధమును నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

వైట్‌హెడ్ 1969లో న్యూయార్కు నగరమున జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. అతని తొలి నవల ‘ది ఇంట్యూషనిస్ట్’ 1999లో వెలువడెను. 2016లో వెలువడిన ‘ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’కు 2017లోను, 2019లో వెలువడిన ‘ది నికెల్ బాయ్స్’కు 2020లోను పులిట్జర్ బహుమతి లభించెను. నవలారచనకు ఈ బహుమతిని రెండు పర్యాయములు పొందినవారు అతనికి పూర్వము మువ్వురే: బూత్ టార్కింగ్టన్, విలియం ఫాక్‌నర్, జాన్ అప్‌డైక్.

2016 నాటి నవల పేరు చరిత్రనుండి గ్రహించినదే. అమెరికా దక్షిణ రాష్ట్రములనుండి పారిపోయిన బానిసలను రహస్యముగా ఉత్తరమునకును కెనడాకును చేర్చిన సహాయకుల వ్యవస్థకు ‘భూగర్భ రైలుమార్గము’ అని పేరు. నిజమునకు అందు పట్టాలును లేవు, బండ్లును లేవు. ఆశ్రయమిచ్చిన ఇండ్లను స్టేషనులనియు, దారిచూపినవారిని కండక్టరులనియు వ్యవహరించిరి. పారిపోయిన బానిస స్వేచ్ఛారాష్ట్రమున దొరకినను యజమానికి అప్పగింపవలెనని 1850 నాటి చట్టము శాసించెను. అట్టి కాలమున వ్రాతలుంచుట ప్రమాదకరము. అయినను ఫిలడెల్ఫియాలో విలియం స్టిల్ తనకడకు వచ్చినవారి వృత్తాంతములను వ్రాసి దాచెను. అతని గ్రంథము 1872లో, అనగా బానిసత్వము రద్దయిన ఏడేండ్లకు గాని, వెలువడలేదు.

స్టిల్ గ్రంథము వంటివి అరుదు. విరివిగా లభించునవి యజమానులు పత్రికలలో వేయించిన ప్రకటనలు. పారిపోయినవారి పేరు, వయస్సు, ఒంటిమీది గుర్తులు, పట్టి యిచ్చినవారికి ఈయబోవు బహుమానము అందుండును. ఇవి సొత్తు పోగొట్టుకొన్నవాని మాటలు. కాని కొరడాదెబ్బల మచ్చలను ఆనవాలుగా చెప్పినపుడు, ఆ యజమాని తన క్రౌర్యమునకు తానే సాక్ష్యమిచ్చుచున్నాడు. వైట్‌హెడ్ ఇట్టి ప్రకటనలను ప్రకరణముల నడుమ నుంచెను. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయపు గ్రీన్స్‌బరో శాఖ సేకరించినవానినుండి వీనిని గ్రహించెను. కాని కథానాయిక కోరాను గూర్చిన చివరి ప్రకటన మాత్రము అతడే కల్పించెను. ఆమె ఇంకను పట్టుబడలేదనియు, ఎన్నడును ఒకరి సొత్తు కాలేదనియు దాని తాత్పర్యము. యజమానులు వాడిన వ్రాతరూపమునే గ్రహించి, వారెన్నడును వ్రాయజాలని మాటను అందుంచుట ఇందలి విశేషము.

బానిస తన కథను తాను చెప్పుకొన్నచోట వైట్‌హెడ్ పద్ధతి వేరు. ఉత్తర కరోలినాలోని ఈడెన్టన్ పట్టణమున హారియెట్ జేకబ్స్ అను స్త్రీ, ఇంటికప్పు క్రింది ఇరుకు చోటున దాదాపు ఏడేండ్లు దాగి, పిమ్మట తప్పించుకొని, 1861లో తన ఆత్మకథను ప్రకటించెను. నవలలో కోరా అదే రాష్ట్రమున ఒక అటకపై నెలల తరబడి దాగును. ఇట కల్పన ఆధారము వెంట నడచినది.

ఇక చరిత్రకారుడు ఆక్షేపింపదగిన అంశము కలదు. జార్జియాలోని ప్రత్తితోటనుండి పారిపోయిన కోరా భూమిక్రింద నిజమైన రైలెక్కును. ఆమె దిగిన దక్షిణ కరోలినాలో వైద్యులు నల్లజాతి పురుషులపై సిఫిలిస్ వ్యాధినిగూర్చి రహస్యముగా పరీక్షలు చేయుచుందురు. ఇట్టి పరీక్ష చరిత్రలో నిజముగా జరిగినది. కాని అది అలబామా రాష్ట్రమున, టస్కీగీ ప్రాంతమున, 1932 మొదలు 1972 వరకు సాగినది. అందు 399 మంది రోగులను, 201 మంది ఆ రోగము లేనివారిని పరిశీలించిరి. పెన్సిలిన్ వాడుకలోనికి వచ్చిన పిమ్మటను రోగులకు దానిని ఈయలేదు. దానిని ఒక శతాబ్దము వెనుకకు జరుపుట కాలవ్యతిక్రమము కాదా?

కాలవ్యతిక్రమమే. అయినను అది పాఠకుని వంచించునది కాదని నా అభిప్రాయము. భూమిక్రింది రైలును చూచినపుడే ఇది యథాతథ చరిత్ర కాదని పాఠకుడు గ్రహించును. మన ఆలంకారికులు ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించిరి. వసుచరిత్రకారుడు మిశ్రమునకే అగ్రస్థానమిచ్చెను. వైట్‌హెడ్‌ది మిశ్రమే గాని, అందు ఏది ప్రఖ్యాతమో ఏది ఉత్పాద్యమో ఎరుగవలసిన భారము పాఠకునిపై నున్నది. టస్కీగీని ఎరుగనివానికి ఆ ఘట్టము వట్టి ఊహగా తోచును. ఈ లోపమును అంగీకరింపక తప్పదు.

వాస్తవముగా వైట్‌హెడ్ ఆక్షేపించునది అబద్ధపు చరిత్రను. దక్షిణ కరోలినాలో కోరాకు ఒక ప్రదర్శనశాలలో కొలువు దొరకును. గాజుతెర వెనుక బానిసగా నటించుట ఆమె పని. అందలి ఓడ దృశ్యమున ఆఫ్రికా బాలుడు చిన్నచిన్న పనులు నేర్చుకొను కుఱ్ఱవానివలె కానవచ్చును. సంకెళ్ల మాట లేదు. బానిసగా బ్రతికిన స్త్రీయే బానిసత్వపు అబద్ధచిత్రమును ప్రదర్శింపవలసి వచ్చినది. వస్తువులన్నియు సరిగానున్నను చరిత్ర అబద్ధము కావచ్చునని ఈ ఘట్టము తెలుపుచున్నది.

రెండవ నవలకు ఆధారము ఫ్లారిడా రాష్ట్రమున మరియానా పట్టణమునందలి డోజియర్ బాలుర పాఠశాల. దారితప్పిన బాలురను సంస్కరించుటకని 1900లో స్థాపింపబడిన ఈ సంస్థ 2011లో మూతపడినది. అందలి శ్మశానమున 31 సిలువలుండెను. దక్షిణ ఫ్లారిడా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో తవ్వగా 55 సమాధులు బయల్పడినవి. 2017లో ఆ రాష్ట్ర శాసనసభ క్షమాపణ చెప్పెను. వైట్‌హెడ్ ఈ వృత్తాంతమును 2014లో పత్రికలలో చదివి నవలకు పూనుకొనెను.

ఇందు అసంభవములు లేవు. అందుచేతనే పాఠకుడు దీనిని యథార్థ నివేదికగా భ్రమించు ప్రమాదము హెచ్చు. పాఠశాల పేరును ‘నికెల్’ అని మార్చి, పాత్రలను కల్పించుటకు ఇదియు ఒక కారణమని ఊహింపవచ్చును. మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసములను నమ్మి పెరిగిన ఎల్వుడ్, కళాశాలకు పోవుచు, దొంగిలింపబడిన కారని యెరుగక ఎక్కి, ఈ పాఠశాలపాలగును. అతడు అక్కడి అక్రమములను ఒక పుస్తకమున వ్రాసియుంచును. ఆ వ్రాత తనిఖీ అధికారులకు చేరినను న్యాయము జరుగదు; ఎల్వుడే శిక్షింపబడును. పారిపోవు యత్నమున అతడు మరణింపగా, తప్పించుకొన్న మిత్రుడు టర్నర్ ఆ పేరునే ధరించి జీవించును. పేరు లేని సమాధిలోని వాని పేరును బ్రతికియున్నవాడు మోయుచున్నాడు.

31కిని 55కును నడుమనున్న వ్యత్యాసమును తేల్చినది నవల కాదు, తవ్వకము. కొందరి అస్థులను జన్యుపరీక్షచే గుర్తించి బంధువుల కప్పగించినది శాస్త్రము. ఆ పనిని కల్పన చేయజాలదు, చేయుదునని వైట్‌హెడ్ చెప్పుటయు లేదు. కాని ఆ బాలుడు ఏమి కోరెను, ఎవరిని నమ్మెను అను ప్రశ్నలకు తవ్వకమును సమాధాన మీయజాలదు. కావున చారిత్రక నవలను పరీక్షించువారు ఆధారములతో సరిపోల్చుటతో నిలువక, ఆ ఆధారము ఎవరిచేత, ఎవరికొరకు వ్రాయబడినది, రచయిత కల్పనను ఏ ఖాళీలో నిలిపెను అని కూడ విచారింపవలెను. ఈ రెండు నవలలును ఆ పరీక్షకు నిలువగలవని నా విశ్వాసము.