తలుపు మూసుకుని చదివినవాళ్లు

ఎందుకు ఫెయిలవుతున్నారో అందరికీ ముందే తెలుసు. అసలు చిక్కు అక్కడే ఉంది.

1970ల మధ్యకాలం, కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం. ఇంజినీరు కావాలన్నా, సైంటిస్టు కావాలన్నా మొదటి ఏడాదే కాల్కులస్ గట్టెక్కాలి. నల్లజాతి పిల్లలు ఏటా అక్కడే ఆగిపోతున్నారు. కోర్సు చివరిదాకా ఉన్నవారిలోనే నూటికి అరవై మందికి డి గానీ ఎఫ్ గానీ గ్రేడు వస్తోంది.

యూరి ట్రైస్‌మన్ అప్పటికింకా పరిశోధక విద్యార్థి. లెక్కలు చెప్పే కుర్ర బోధకులకు తర్ఫీదు ఇచ్చే పని ఆయనది. ఇలా ఎందుకవుతోందని అధ్యాపకులను అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మన స్టాఫ్‌రూముల్లో వినపడే మాటలూ ఇవేగా!

ట్రైస్‌మన్ అంతటితో ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, అదే కోర్సులో బాగా రాణిస్తున్న ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకున్నాడు. ప్రశ్నలడిగితే తేలే సంగతి కాదని అర్థమయ్యాక, వీడియో కెమెరా పట్టుకుని వాళ్లుండే చోటికే వెళ్లిపోయాడు.

వెళ్లాక ఆ నాలుగు జవాబుల్లో ఒక్కటీ నిలబడలేదు. బిడ్డ పుట్టకముందే కాలేజీ చదువు చెప్పించాలని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు కనిపించారు. మధ్యతరగతి ఇళ్లనుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ముందుగా ఓడిపోవడం మరీ కలవరపెట్టింది.

ఆ రాత్రుల్లో ఒకదాన్ని ఊహించి చూద్దాం. క్లాసుకు వెళ్లొచ్చిన కుర్రాడు గదిలో తలుపు మూసుకుని పుస్తకం తెరిచాడు. వారానికి ఎనిమిది గంటలు చదవాలని చెప్పారు. అంతా చదువుతున్నాడు, ఒక్క నిమిషం ఎగ్గొట్టడం లేదు. అయినా ఐదో లెక్క తెగడం లేదు. తనకే రావడం లేదనుకుంటాడు. పక్క గదిలో మరొకడు అదే లెక్క దగ్గర తల పట్టుకున్నాడని అతనికి తెలిసే దారి లేదు. ఇరవై మందిలో పద్దెనిమిది మంది చదువు ఇలాగే, ఒంటరిగా సాగేది. హైస్కూల్లో వీళ్లను పైకి తెచ్చింది ఆ ఒంటరి పట్టుదలే కాబట్టి, దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

చైనా సంతతి పిల్లలూ ముందు ఎవరికివారే చదువుకునేవారు. ఆ తర్వాత కలిసి వండుకుని, తిని, నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. మాటలు ఇలా నడిచి ఉండాలి:

“ఐదోది వచ్చిందా?”

“లేదు. నీకు?”

“నాకూ రాలేదు. అయితే లెక్కే కష్టమైంది.”

ఆ చివరి మాట విలువ ఎంతో! మొత్తం కలిపితే వారానికి పద్నాలుగు గంటలు. తామెక్కడ ఉన్నదీ వాళ్లకు పరీక్షకు ముందే తెలిసేది.

ఇక మందు సంగతి. వెనకబడినవాళ్లకని పెట్టిన ట్యూషన్లు క్యాంపస్‌లో అప్పటికే ఉన్నాయి. స్కూల్లో మొదటి వరసలో కూర్చున్న పిల్లలు ఆ గడప తొక్కేవారు కాదు. మన ‘సి’ సెక్షన్లలో, స్పెషల్ క్లాసుల్లో తల వంచుకుని కూర్చునే పిల్లల్ని చూసినవారికి ఆ అభిమానం అర్థమవుతుంది. అందుకే 1978లో ట్రైస్‌మన్ మొదలుపెట్టిన వర్క్‌షాపుకు పిల్లల్ని ప్రతిభావంతులుగానే పిలిచారు. మామూలు క్లాసులు యథాప్రకారం ఉంటాయి. వాటికి తోడుగా చిన్న చిన్న బృందాల్లో కూర్చుని, హోంవర్కు కంటే కష్టమైన లెక్కలు చేయాలి. బోధకుడు బల్లల మధ్య తిరుగుతాడు గానీ జవాబు చెప్పడు. ఒకరు చేసినదాన్ని మరొకరు తప్పుపడతారు, వాదించుకుంటారు, తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు.

వర్క్‌షాపుకు వచ్చిన నల్లజాతి విద్యార్థులు పాస్ కావడంతో ఆగలేదు. ప్రవేశ పరీక్ష లెక్కల్లో 600 దాటీ దాటని మార్కులతో చేరినవాళ్లు, 750 దగ్గర తెచ్చుకున్న శ్వేతజాతి, ఆసియా విద్యార్థులకు దీటుగా కాల్కులస్‌లో నిలిచారు.