హెడ్‌ఫోను ఆంప్లిఫయరు: లేఖకుడా, వ్యాఖ్యాతయా?

ఒకే తాళపత్రగ్రంథమును ముందిడుకొని ఇరువురు ప్రతి వ్రాయుచున్నారనుకొందము. ఒకడు కన్నది కన్నట్లు వ్రాయును. మూలమున తప్పున్న ఆ తప్పునే దింపును. రెండవవాడు సరసుడు, కొంత పండితుడు. పద్యము మఱింత ఇంపుగా నుండవలెనని అచ్చటచ్చట తన మాట యొకటి చేర్చును. చదువరికి రెండవ ప్రతియే రుచింపవచ్చును. కాని కవి వ్రాసినదేది యని అడుగువానికి మొదటి ప్రతియే శరణ్యము. గ్రంథపరిష్కరణమందు మా గురువులు నేర్పిన యీ భేదమే, హెడ్‌ఫోనులకు బలమొసగు ఆంప్లిఫయర్ల చరిత్రకు కూడ కీలకమని నాకు తోచుచున్నది. ఈ యంత్రములకై లక్షలు వెచ్చించువారు ఒకదాని నాదము మృదువనియు, వేఱొకదానిది పొడియనియు వాదించుకొందురు. ఆ వాదమున ఎంత సారమున్నదో విచారింతము.

మొదట హెడ్‌ఫోనునకు ఆంప్లిఫయరే లేదు. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున నథానియేల్ బాల్డ్విన్ అను నతడు తన చేత చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. అత్యల్పమైన విద్యుత్తునకే అవి పలికెడివి. మన మదరాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారము నారంభించిన 1924 నాటికిని, స్ఫటికపు రేడియోతో వినువారికి ఆకాశమునుండి తీగకు దిగివచ్చిన శక్తి తప్ప వేఱు శక్తి లేదు. చేర్చువాడు లేడు గనుక చేర్పును లేదు.

చేర్చువాడు వాల్వు రూపమున వచ్చెను. లీ డి ఫారెస్ట్ 1906లో కనిపెట్టిన మూడు అంగముల వాల్వు, మెఱుగులు దిద్దుకొని, చిన్న ధ్వనిని పెద్ద ధ్వనిగా చేయ నేర్చినది. 1915లో న్యూయార్కు శాన్‌ఫ్రాన్సిస్కోల నడుమ టెలిఫోను మాట నడిచినది దాని బలముననే. అయితే దూరపు తీగపై ఆంప్లిఫయరు వెంట ఆంప్లిఫయరు నిలుపవలసి వచ్చెను. ప్రతికి ప్రతి, దానికి ప్రతి వ్రాయగా వ్రాయగా మూలము చెడినట్లు, మాట గమ్యమును చేరునప్పటికి వికృతమైపోయెడిది.

దీనికి మందు కనుగొన్నవాడు హెరాల్డ్ బ్లాక్. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున అతడు హడ్సన్ నది దాటు పడవలో పనికి పోవుచుండగా ఉపాయము స్ఫురించెను. కాగితము లేక, చేతనున్న వార్తాపత్రికపైననే దానిని వ్రాసికొనెను. ఆంప్లిఫయరునుండి వెలువడిన దానిలో కొంత భాగమును వెనుకకు తెచ్చి, లోనికి పోవుదానితో ఎదురు నిలిపి సరిచూచుట; హెచ్చుతగ్గులున్న అవి తమంత తామే అణగిపోవును. వ్రాసిన ప్రతిని మూలముతో అక్షరాక్షరము ఒప్పుచూచుకొను లేఖకుని నియమమే యిది. నిర్దోషమైన ఆంప్లిఫయరు అను ఆశయము అచ్చటినుండియే నిజముగా బలపడినదని నా యభిప్రాయము.

1937లో జర్మనీలో బేయరువారి డీటీ 48, 1958లో అమెరికాలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోనులు వెలువడినవి. నాటికిని హెడ్‌ఫోనునకు ప్రత్యేకమైన ఆంప్లిఫయరు లేకుండుటయే వాడుక. లౌడ్‌స్పీకరు కొఱకు చేసిన పెద్ద యంత్రమునకే అడ్డముగా నొక నిరోధకమును పెట్టి, దాని చాటునుండి హెడ్‌ఫోనునకు తీగ నిచ్చెడివారు. నాదగుణమని నేడు చెప్పుకొను దానిలో కొంత భాగము ఈ పొదుపునుండి పుట్టినదే. ఎట్లనగా, హెడ్‌ఫోను నిరోధము అన్ని స్వరములకు ఒక్కటిగా నుండదు. ఒక హెడ్‌ఫోను మధ్యస్థాయిలో 300 ఓములును, మంద్రమున ఒకచోట 500 ఓములును ఉన్నదనుకొందము. ఆంప్లిఫయరు కొసన 120 ఓముల నిరోధకమున్నచో, ఆ మంద్రభాగము తక్కినదానికంటె ఒక డెసిబెలు హెచ్చుగా వినవచ్చును. కొసన ఒక్క ఓమే యున్నచో ఆ హెచ్చు లెక్కకు రాదు. విన్నవాడు "ఆహా, ఎంత నిండుదనము!" అని వాల్వును మెచ్చుకొనును. ఆ మెప్పు నిజమునకు నిరోధకమునకు చెందవలసినది.

ఇక వాల్వు తనంత తాను చేర్చునదేమి? ఒక స్వరము నిచ్చినచో, దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల కంపనములుగల ఉపస్వరములను యంత్రము కొలదిగా కల్పించును. రెట్టింపు తారషడ్జము, మూడింతలు దానిపై పంచమము, ఐదింతలు అంతరగాంధారము. ఏడింతలకు పోయితిమా, మన స్వరస్థానములలో చక్కగా ఇమడనిది వచ్చును. సాదా వాల్వు ఆంప్లిఫయరు చేర్చునది ముఖ్యముగా ఆ రెట్టింపునే. తొలినాటి ట్రాన్సిస్టరు యంత్రములు, సరిగా అమర్పని యెడల, పై మెట్ల కర్కశమైన ఉపస్వరములను చేర్చెడివి. తంబురా నాదములోని ఉపస్వరములను గూర్చి సి. వి. రామన్ 1921లోనే వ్రాసియున్నాడు గనుక, ఉపస్వరసంపద మనకు కొత్త గాదు. వాల్వు ఇంపునకు కారణమిదియే. ఇంతవఱకు వాల్వు పక్షమువారి మాట ఒప్పవలసినదే.

వారు చెప్పక విడుచునది మఱొకటి కలదు. రెట్టింపును కల్పించు యంత్రము, రెండు స్వరములు కలిసి మ్రోగినపుడు వాని కూడికను, తీసివేతను కూడ కల్పించి తీరును. షడ్జము 240 కంపనములనుడు. శుద్ధరిషభము 256 అగును. తంబురా షడ్జమున నుండగా గాయకుడు మాయామాళవగౌళలో రిషభముపై నిలిచెను. కూడిక 496. తారషడ్జము 480, తారరిషభము 512. రెంటికిని సరిగా నడుమ, ఏ రాగమునకును చెందని యొక ధ్వని పుట్టినది! బాలుడు సరళివరుసలు మొదలిడు రాగమందే ఇట్లయిన, తక్కిన రాగముల మాట చెప్పవలెనా? మంచి యంత్రమున అది మిక్కిలి సన్నగా నుండుననుట నిజమే. సన్నగా నున్నను అది ప్రక్షిప్తమే.

అసలు ఈ భేదములు చెవికి తెలియునా? 1973లో రసెల్ హామ్ ప్రకటించిన వ్యాసము ప్రకారము, రికార్డింగు యంత్రములను వాని శక్తికి మించి తోలినపుడు వాల్వునకును ట్రాన్సిస్టరునకును భేదము స్పష్టముగా తెలియును. శక్తికి లోబడి నడపినచో? 1978లో ఇంగ్లండున జేమ్స్ మోయిర్ క్వాడ్ సంస్థవారి మూడు ఆంప్లిఫయర్లను, ఒకటి వాల్వులది, రెండు ట్రాన్సిస్టరులవి, పేరు తెలియనీయక అనుభవజ్ఞులకు వినిపించెను. వారు గుర్తింపలేకపోయిరి. ఎవ్వరెన్ని చెప్పినను ఈ పరీక్షకు నేను పెద్దపీట వేయుదును.

అయినను ధనవంతుల వాంఛ ఆగలేదు. జపానున స్టాక్స్ వారు 1960లో తెచ్చిన స్థిరవిద్యుత్తు హెడ్‌ఫోనులు వందల ఓల్టులు కోరునవి. వానికి ప్రత్యేకయంత్రము అవసరమే, అది విలాసము గాదు. 1991లో సెన్‌హైజరువారు ఆర్ఫియస్ అను హెడ్‌ఫోనును వాల్వు ఆంప్లిఫయరుతో జతచేసి ఇంచుమించు 300 మాత్రమే చేసిరి. 2015లో వారే ప్రకటించిన హెచ్ఈ 1 యంత్రమునకు కరారా పాలరాతి పీఠము, ఎనిమిది వాల్వులు, నాటి వెల ఇంచుమించు 50,000 యూరోలు. శిల్పముగా దానికి నమస్కరింతును.

దీనికి ముందే, 2011లో, పేరు చెప్పని యొక ఇంజనీరు ఓ2 అను చిన్న ఆంప్లిఫయరు నమూనాను ఎల్లరును చేసికొనునట్లు బహిరంగముగా ప్రకటించెను. భాగములు సామాన్యములు, ఖర్చు పదుల డాలర్లు. కొలతలందు మాత్రము అది ఎంతో వెలగల యంత్రముల సరసన నిలిచెను. 2012 తరువాత అతని వ్రాతలు ఆగిపోయినవి. అతడెవరో నేటికిని లోకమునకు తెలియదు. తన పేరు గాని, తన రుచి గాని ప్రతిలో చొప్పింపని లేఖకుడు! నాదగుణమే లేకుండుట ఆంప్లిఫయరునకు గుణమని నమ్మువాడను గనుక, రెంటిలో నొకటి కోరుకొమ్మన్నచో నేనీ చిన్నదానినే కోరుకొందును. వాల్వును వలచువారితో నాకు కలహము లేదు. వారు దానిని వ్యాఖ్యానమనవలెను గాని మూలమనరాదు.

పోల్చిచూడ దలచినవారికి ఒక్క మాట. పోలికకు తంబురా రికార్డు పనికిరాదు. అందు ఉపస్వరములు ముందే నిండియున్నవి గనుక చేర్పు కలిసిపోవును. వేణువు మేలు. రెండు యంత్రముల ధ్వనిమట్టమును కొలిచి సమము చేయవలెను. అర డెసిబెలు హెచ్చుగా నున్నది కూడ బాగుగా నున్నదని భ్రమ కలిగించును. ఏది మ్రోగుచున్నదో మీకు తెలియకుండ, మీటను మఱొకరు త్రిప్పవలెను. ఒక్కసారి గాదు, పదునాఱుసారులైన త్రిప్పవలెను.