ఓపెన్ ఆఫీస్: ప్రాజెక్టు విరమణ అనే ప్రశ్న

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. అయితే ఆ కోడ్‌ను బాగుచేసే మనుషులు కరువైతే ఏం జరుగుతుంది? సంస్థల పుట్టుకతోపాటు వాటి క్షీణతకు గల కారణాలనూ మీరు చరిత్ర విద్యార్థులుగా పరిశీలించాలి. అందుకు ఓపెన్ ఆఫీస్ మంచి ఉదాహరణ.

జర్మనీలోని స్టార్ డివిజన్ అనే కంపెనీ స్టార్ ఆఫీస్‌ను రూపొందించింది. 1999లో అమెరికాకు చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, 2000లో సోర్స్ కోడ్‌ను బహిరంగంగా విడుదల చేసింది. అలా పుట్టిన ఓపెన్ ఆఫీస్‌తో ఉత్తరాలు, లెక్కల పట్టికలు ఉచితంగా తయారు చేసుకునే వీలు కలిగింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. కోడ్ అందరిదే అయినా, దానిపై పనిచేసిన వారిలో ఎక్కువమంది సన్ జీతం ఇచ్చిన ఇంజనీర్లే.

2010 జనవరిలో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వచ్చింది. కొత్త యాజమాన్యంపై నమ్మకం కుదరని పలువురు సెప్టెంబరులో విడిపోయి, అదే కోడ్‌తో లిబ్రె ఆఫీస్‌ను ప్రారంభించారు. 2011లో ఒరాకిల్ ఓపెన్ ఆఫీస్‌ను అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు అప్పగించింది. లైసెన్సుల తేడా మరో చిక్కు తెచ్చింది. అపాచీ కోడ్‌ను లిబ్రె ఆఫీస్ వాడుకోవచ్చు గాని, లిబ్రె ఆఫీస్ చేసిన మెరుగుదలలను అపాచీ అలా తీసుకోలేదు.

పాత పేరుకు మాత్రం ఆదరణ తగ్గలేదు. 2014 ఏప్రిల్ నాటికి అపాచీ ఓపెన్ ఆఫీస్ డౌన్‌లోడ్‌లు 10 కోట్లు దాటాయి. వాడేవారు కోట్లలో ఉండగా, బాగుచేసేవారు కొద్దిమందే మిగిలారు. దాని ఫలితం 2016లో బయటపడింది. జులైలో ఒక భద్రతా లోపం ప్రకటితమైంది. ఆగస్టులో వచ్చిన సవరణను వాడుకరులే తమ కంప్యూటర్లలో చేతితో అమర్చుకోవలసి వచ్చింది. పూర్తిగా సరిచేసిన 4.1.3 వెర్షన్ అక్టోబరులో గాని రాలేదు.

ఈ మధ్యలో, సెప్టెంబరులో, ప్రాజెక్టు కమిటీ అధ్యక్షుడు డెనిస్ హామిల్టన్ ఒక ప్రశ్నను బహిరంగంగా ముందుంచారు: ప్రాజెక్టును విరమించవలసివస్తే ఏమేం చేయాలి? ఆ ఏర్పాటు అపాచీలో 2008 నుంచే ఉంది. దాని పేరు అట్టిక్, అంటే మన ఇళ్లలోని అటక. అటక ఎక్కిన కోడ్ చెరిగిపోదు. కొత్త విడుదలలు మాత్రం ఆగిపోతాయి. కావలసినవారు ఆ కోడ్‌ను తీసుకొని వేరుగా కొనసాగించవచ్చు.

ఓపెన్ ఆఫీస్ అటక ఎక్కలేదు. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ముందుకు వచ్చారు, విడుదలలు కొనసాగాయి. అయినా ఆ ప్రశ్న వృథా కాలేదు. బహిరంగ లైసెన్సు పనిని కొనసాగించే హక్కును ఇస్తుంది గాని, ఆ పని చేసే చేతులను ఇవ్వదు. చేతులు లేనప్పుడు ఆ సంగతి చెప్పడం ఓటమి కాదు, వాడుకరుల పట్ల బాధ్యత. ప్రకటించిన విరమణ వారిని మరో దారి వెతుక్కోనిస్తుంది. బతికి ఉన్నట్లే కనిపించే మౌనం వారిని ప్రమాదంలో ఉంచుతుంది.

ఆలోచించండి: మీ ఊరి గ్రంథాలయాన్నో, సహకార సంఘాన్నో తీసుకోండి. అది ఎవరి శ్రమపై నిలిచి ఉంది? వారు తప్పుకుంటే ఆ సంగతి సభ్యులకు ఎవరు, ఎప్పుడు చెప్పాలి? పది వాక్యాల్లో రాయండి.