నెత్తిమీద గీత

మన రాతలో తలకట్టుకి పెద్ద మర్యాదేం లేదు. చేయి తొందరలో ఉంటే అది ఉంటుంది, ఉండదు. చదివేవాళ్లు పాపం సర్దుకుంటారు. యంత్రానికి ఆ సర్దుకుపోయే గుణం లేదని అమెరికా వాళ్లకి 1962లో తెలిసొచ్చింది. అందుకైన ఖర్చు దాదాపు 1.85 కోట్ల డాలర్లని అప్పటి పత్రికల లెక్క.

ఆ ఏడు జూలై 22న, తెల్లవారకముందే, కేప్ కెనావెరల్ నుంచి మెరైనర్ 1 బయల్దేరింది. శుక్రగ్రహం పక్కనుంచి పోతూ అక్కడి విశేషాలు చెప్పాలి. పైకి లేచిన కాసేపటికే రాకెట్టు దారి తప్పింది. ఓడలు తిరిగేచోటో జనం ఉండేచోటో పడుతుందేమోనని అయిదు నిమిషాలైనా నిండకుండానే దాన్ని పేల్చేశారు. ఇంకో ఆరు సెకన్లు గడిస్తే పేల్చే వీలు కూడా ఉండేది కాదు!

మనవాళ్లయితే శుక్రమూఢం అనుకుని ఊరుకునేవారు. వాళ్లు కాగితాలు వెతికారు. రాకెట్టులోని సంకేత పరికరం మొరాయించిన మాట నిజమే. దానికి తోడు, నేలమీది కంప్యూటరుకిచ్చిన సూచనల్లో ఇంకో తప్పు నక్కి ఉంది. చేత్తో రాసిన లెక్కల్లో, వేగాన్ని తెలిపే గుర్తు నెత్తిమీద చిన్న అడ్డగీత ఉండాలి. విడివిడి కొలతల్ని నమ్మొద్దు, హెచ్చుతగ్గులు సర్ది సగటు తీసుకో అని దాని అర్థం. ఎత్తిరాయడంలో ఆ గీత జారిపోయింది. ఇంకేం, కొత్తకోడలి ప్రతి అడుగునీ దిద్దే అత్తగారిలా, కంప్యూటరు ప్రతి చిన్న ఊపునీ తప్పుగా లెక్కగట్టి, దిద్ది దిద్ది రాకెట్టుని దారి తప్పించింది.

తమాషా ఏమిటంటే, పత్రికలు ఆ గీతని హైఫన్ అన్నాయి. ఆర్థర్ క్లార్క్ చరిత్రలోకెల్లా ఖరీదైన హైఫన్ ఇదేనన్నాడు. హైఫన్ ఉండేది మాటల మధ్య, ఇదేమో గుర్తు నెత్తిమీద! కాదు, కామా బదులు చుక్క పడిందనేవాళ్లూ ఉన్నారు. ఎత్తిరాతలో పోయిన గీత కథని కూడా ఎవరూ సరిగ్గా ఎత్తిరాయలేదన్నమాట.

అందరూ రాసినవాడి చేతినే తిడతారు. నాకైతే అంత అర్థాన్ని అంత బక్క గీతమీద మోపడమే అన్యాయమనిపిస్తుంది. "సగటు" అని మాటల్లో రాసి ఉంటే, ఒక కొమ్ము ఊడినా ఎవరో ఒకరు పోల్చుకునేవారు.

36 రోజులకే, ఆగస్టు 27న, దాని తోడు మెరైనర్ 2 వెళ్లింది. డిసెంబరు 14న శుక్రుడికి సుమారు 35,000 కిలోమీటర్ల దూరంనుంచి పోతూ, అక్కడ నేలంతా కుతకుతలాడే వేడి అని కబురు పంపింది.