పాత తుపాకులలో గేజి సంఖ్యయు, గొట్టపు వ్యాసమును

ఒక పౌను సీసమును సమానములైన గుండ్లుగా పోసినపుడు, ఒక్కొక్క గుండు గొట్టపు లోపలి వ్యాసమునకు సరిగా సరిపోవలెనన్న ఎన్ని గుండ్లు రావలెనో, ఆ సంఖ్యనే గేజి యనియు, బ్రిటనులోను మన దేశపు ఆయుధ లైసెన్సులలోను బోరు అనియు వ్యవహరింతురు. పన్నెండు బోరు తుపాకి గొట్టమున ఒదుగు గుండు పౌనులో పన్నెండవ వంతు తూగును. కావున గేజి పొడవునకు కొలత కాదు, తూకమునకు కొలత. సంఖ్య పెరిగినకొలది రంధ్రము సన్నబడుట యిందువలననే. ఫిరంగులను అవి వేయు ఇనుప గుండు తూకమునుబట్టి ఆరు పౌనులది, పన్నెండు పౌనులది అని పిలుచు ఆచారమునకు ఇది దగ్గరి చుట్టము. పాత తుపాకులను పట్టికలలో చేర్చువారు ఈ తూకపు లక్షణమును మరచి, సంఖ్యను నేరుగా అంగుళములలోనికి మార్చివేయుటవలననే ఎక్కువ చిక్కులు కలుగుచున్నవి.

గోళము తూకము దాని వ్యాసము యొక్క ఘనమును అనుసరించును గనుక, గేజి సంఖ్య యొక్క ఘనమూలముచే 1.669ను భాగించినచో వ్యాసము అంగుళములలో లభించును; మిల్లీమీటర్లు కావలసినవారు 1.669కి బదులు 42.4ను గ్రహింపవచ్చును. ఈ లెక్కను బట్టి 8 గేజికి 0.835, 10కి 0.775, 12కి 0.729, 16కి 0.662, 20కి 0.615, 28కి 0.550 అంగుళములు వచ్చును. వ్యాసమునుండి గేజిని రాబట్టుటకు 4.65ను వ్యాసపు ఘనముచే భాగించిన చాలును. ఘనమూలము మూలమున, 4, 5 గేజిల నడుమ అంగుళములో 75 వేయవ వంతుల భేదముండగా, 49, 50ల నడుమ మూడు వేయవ వంతులు మాత్రమే నిలుచును. సన్నని పిస్తోళ్ల విషయమున గేజి సంఖ్యను పూర్ణాంకముగా నిశ్చయించి చెప్పుట సాహసమే యగును. సీసపు శుద్ధిని గూర్చిన శంక యంత బాధింపదు. సాంద్రత ఘనసెంటీమీటరుకు 11.34 గ్రాములని గ్రహించినచో 1.669 స్థానమున 1.67 వచ్చునంతే.

బ్రిటనులో ఈ సంఖ్యలకు శాసనబద్ధమైన వ్యాసములు కల్పించినది 1868 నాటి తుపాకి గొట్టముల పరీక్షా చట్టము. లండను, బర్మింగుహాము పరీక్షాగృహముల ముద్రలు చదువనేర్చినవారికి పాత తుపాకి గొట్టపు అడుగుభాగమే ఒక పత్రము వంటిది. 1887 తరువాతి ముద్రలలో 12 అను అంకెతోపాటు 12/1, 13/1 అనునవియు కానవచ్చును. గొట్టములో 0.729 అంగుళముల కొలతకడ్డీ దూరి, 0.740 కడ్డీ దూరనిచో 12, 0.740 కూడ దూరినచో 12/1, 0.729 దూరక 0.719 మాత్రమే దూరినచో 13/1. గొట్టపు మూలమునుండి తొమ్మిది అంగుళముల దూరమున ఈ కొలతను తీయుదురు. 13/1 ముద్రగల తుపాకియు సాధారణముగా పన్నెండు బోరు తూటానే స్వీకరించును. తూటా గది కొలతకు వేరొక ముద్ర కలదు. 1954 నియమములతో ఈ భిన్నములు తొలగి, అంగుళపు దశాంశములే గొట్టముపై వెలసినవి. ముద్ర 13 చెప్పగా నేటి కొలత 12 చూపినచో, ఆ గొట్టమును తరువాత ఎవరో లోపల తొలిచిరనుటకు, లేక త్రుప్పు తీయుటకై బాగుగా అరగదీసిరనుటకు, అంతకన్న బలమైన ఆధారము ఉండదు.

ముఖమునుండి మందు దట్టించు కాలపు తుపాకుల విషయము వేరు. అచ్చట సంఖ్య రంధ్రమును తెలుపునో, గుండును తెలుపునో మొదట తేల్చుకొనవలెను. మందు మసి పేరుకొన్నను గుండు దిగుటకై గుండును రంధ్రముకన్న చిన్నదిగా పోయుట ఆనాటి సైనిక పద్ధతి. బ్రౌన్ బెస్ అని ప్రసిద్ధమైన బ్రిటిషు మస్కెట్టు నామమాత్రముగా 0.75 అంగుళముల రంధ్రము కలది, అనగా 11 బోరు. దాని గుండు మాత్రము సుమారు 0.69 అంగుళములు, పౌనుకు పదునాలుగు. ఒక రచయిత 11 అనియు, మరియొకడు 14 అనియు వ్రాసినచో ఇరువురును సత్యమే చెప్పినవారగుదురు.

ఫ్రాన్సు తుపాకుల కడ చిక్కు రెట్టింపగును, ఏలయనగా వారి లీవ్రు 489.5 గ్రాములు, ఆంగ్లేయుల పౌను 453.6 గ్రాములు. 17.5 మిల్లీమీటర్ల రంధ్రముగల షార్లెవిల్ మస్కెట్టును లీవ్రుకు పదునెనిమిది గుండ్ల కొలతదిగా పేర్కొందురు. అట్టి గుండు 27.2 గ్రాములు తూగును, వ్యాసము 16.6 మిల్లీమీటర్లు, ఆంగ్ల గణనలో అది పదునేడింటికి చేరువ. రంధ్రమును కొలిచినచో అదే తుపాకి ఆంగ్ల గణనలో 14 బోరు. ఒకే ఆయుధమునకు 18, 17, 14 అను మూడు సంఖ్యలు, మూడును న్యాయమైనవే! ఇందుచే, యూరపు ఖండపు పాత వేట తుపాకులకు పూర్వ పట్టికలు ఇచ్చిన సంఖ్యలను, ఏ దేశపు తూకమో తెలియనంతవరకు, అనుమానముతోనే స్వీకరింపవలెను.

ఏనుగుల వేటకు వాడిన పెద్ద రైఫిళ్లలో మరియొక మెలిక కలదు. వేటగాడు సామ్యూల్ బేకరు సింహళమున వాడిన, బ్రిస్టలు నగరపు తుపాకుల పనివాడు గిబ్సు చేసిన, 21 పౌనులు తూగు రైఫిలును పలువురు 4 బోరుగా వర్ణింతురు. నాలుగు బోరు గుండు నాలుగు ఔన్సులు తూగవలెను. బేకరు గుండ్లలో గోళాకారమైనది మూడు ఔన్సులు, కోనదేలినది నాలుగు ఔన్సులని చెప్పబడినది. మూడు ఔన్సుల గోళము అయిదుంబావు బోరుకు సమీపమైనది. కోనదేలిన గుండు తూకమునుబట్టి పేరు వచ్చియుండుననుటయే సమంజసము. చాళ్లుగల గొట్టములలో చాళ్ల లోతు కలిపి కొలుతురా, విడిచి కొలుతురా యన్నదానిని బట్టి సంఖ్య మరల మారును.

నాలుగువందల పది అని వాడుకలోనున్న సన్నని షాట్‌గన్ ఈ లెక్కలోనికి రాదు. అది 0.410 అంగుళముల వ్యాసమును తెలుపు పేరు. గేజిగా మార్చినచో సుమారు 67 అగును. అట్లే ఎన్‌ఫీల్డు 1853 మాదిరి రైఫిలు 0.577 అంగుళములు, గేజిలో 24. పట్టికలో చేర్చునపుడు కొలిచిన వ్యాసమును ముందుగా వ్రాసి, గొట్టముపై ముద్రింపబడిన సంఖ్యను దాని ప్రక్కన యథాతథముగా ఇచ్చి, గణించిన గేజిని చివర వేరుగా చూపుట మేలు.