ఉంగుటూరులో ఆడవాళ్ల సినిమాల రాత్రి

ఆడవాళ్లు తీసిన సినిమాలకే ప్రత్యేకంగా జరిగే పండుగలున్నాయి. ఫ్రాన్స్‌లో 1979లో మొదలైనది ఇప్పుడు క్రెతేయ్ అనే ఊళ్లో ఏటా జరుగుతోంది. మన దేశంలోనూ ఢిల్లీ, చెన్నై లాంటి నగరాల్లో జరిగాయి. అలాంటి పండుగ తాడేపల్లిగూడెం దగ్గరి ఉంగుటూరులో పెట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. నాతో రండి, చూద్దురుగాని.

సార్వా కోతలైపోయాయి, దాళ్వా నాట్లకింకా టైముంది. మీరు హైవే దిగి బడి వైపు నడుస్తున్నారు. వెనక చేపల లోడు లారీ ఐసు నీళ్లు కార్చుకుంటూ తాడేపల్లిగూడెం వైపు పోతోంది. బడి ఆవరణలో షామియానా వాళ్ల దగ్గర తెచ్చిన తెల్లగుడ్డ బిగించి కట్టారు. కింద ధాన్యం ఆరబోసుకునే బరకాలు పరిచారు. ఎంత దులిపినా నుసి పోలేదు, కూర్చోగానే కాళ్లకు దురద. "ఇలా జరగమ్మా, గోడకి ఆనుకుని కూర్చో" అని ఒక మామ్మగారు తన శాలువా చివర మీకోసం పరుస్తుంది.

ముందు 'చండీరాణి' నుంచి కాసేపు. 1953లో భానుమతి ఒకేసారి తెలుగు, తమిళం, హిందీల్లో తీసిన సినిమా. తెర మీద నాయికగా నిలబడ్డ మనిషే తెర వెనక అందరినీ నడిపించిందని చెప్పగానే మామ్మగారు కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగుతుంది.

తరవాత సావిత్రి. 'మాతృదేవత', 1969. రామారావు హీరో, దర్శకురాలు సావిత్రి. అంతకు ముందు ఏడాదే 'చిన్నారి పాపలు'తో ఆమె దర్శకురాలైంది. ఆ సినిమాకు పాటలు కట్టింది పి. లీల. సావిత్రి అనగానే మనం కన్నీళ్ల కథ మొదలుపెడతాం, తాగుడు దగ్గర ఆగిపోతాం. ఆమె దర్శకత్వం వహించిన సినిమాల పేర్లు అడిగితే మనలో ఎందరం చెప్పగలం? ఇది నన్ను నిజంగా బాధపెట్టే సంగతి. ఇంతలో గూడ్సు బండి వెళ్తుంది, మాటలు వినపడవు. ఎవరూ లేవరు. విజయనిర్మల 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌కెక్కిందని మైకులో చెప్తుంటే వెనక వరసలో చప్పట్లు.

ఇప్పుడొచ్చేదే ఈ రాత్రికి అసలు సినిమా. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, పొలం పని చేసుకునే దళిత స్త్రీలు, కెమెరా నేర్చుకున్నారు. 2003లో వాళ్లు వరంగల్ రైతుల మధ్యకు వెళ్లి బీటీ పత్తి మీద సినిమా తీశారు. తెర నిండా పత్తి చేను, గిడసబారిన మొక్కలు, కాయ చిదిమి చూపిస్తున్న రైతు వేళ్లు. మీ పక్కనున్నామె ఆ వేళ్ల వంకే చూస్తోంది. ఆమె వేళ్ల సందుల్లోనూ పొలం మట్టి పట్టిన చారలున్నాయి.

"కెమెరా పట్టుకున్నామె మాలాగే పొలానికెళ్లే మనిషేనా అండీ?"

అవునమ్మా. ఆ పస్తాపూర్ ఆడవాళ్లు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. భూస్వామి పేరుతో పటేల్ షాట్ ఒకటుంది. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఈ మాట వినగానే బరకం మీద ఒక కదలిక. ఇద్దరు ముగ్గురు తెర వంక మళ్లీ చూస్తారు, ఈసారి కెమెరా ఎక్కడుందా అని వెతుక్కుంటూ.

పిల్లలు నిద్రకు జోగుతుంటే నందినీ రెడ్డి 'అలా మొదలైంది' వేస్తారు. 2011 నాటిది. నాని మాటలకు కుర్రకారు విరగబడి నవ్వుతుంది, నిద్రపోయే పిల్లలు లేచి కూర్చుంటారు. నవ్వించడం కూడా దర్శకత్వమేనని ఈ రాత్రికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటే లోటు, ఈ రాత్రికి కొల్లేరు ఆడవాళ్లు తీసిన సినిమా లేదు. ఆ సరస్సు ఇక్కడికి ఎంతో దూరం లేదు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గట్ల మీద బతికిన ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఇంటి ఆడవాళ్లకే తెలుసు. అది వాళ్లే తీయాలి, కెమెరాను తమ కళ్ల ఎత్తునే పెట్టుకుని. ఆ సినిమా చూడాలని నాకు ఎంత ఆశో చెప్పలేను.

ఇప్పుడు చాలా ప్రభుత్వ బళ్లలో డిజిటల్ తెరలున్నాయి, ఇంటింటా ఫోనులో కెమెరా ఉంది. దాళ్వా పనులు మొదలయ్యేలోగా మీ ఊళ్లో ఒక్క రాత్రి ఇలా కూర్చోండి. పస్తాపూర్ వాళ్ల సినిమా తప్పకుండా వేయండి. అది అయ్యాక ఫోను మీ ఊరి ఆడపిల్ల చేతికిచ్చి, ఏం తీయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి.